పన్నెండు రంధ్రాల తరుగు

ముద్దనపేట పోలీసు స్టేషనుకి ఎదురుగా, రేకుల పంచ కింద, ఒక టైపు మిషనూ రెండు స్టూళ్ళూ వేసుకుని ఇరవై ఆరేళ్ళుగా నేను అర్జీలు రాస్తున్నాను. నా పేరు అచ్యుతం. ఊళ్ళో పోయిన ప్రతి వస్తువూ ముందు నా కాగితం మీదికి వచ్చి, తరవాతే స్టేషను రికార్డుల్లోకి వెళ్ళింది. కొన్ని నా కాగితం మీదే ఆగిపోయాయి. అందుకని మా ఊళ్ళో దొంగతనాలు ఎలా అంతరించాయో చెప్పడానికి నాకంటే అర్హుడు లేడనుకుంటాను.

అంతకుముందు దొంగతనమంటే దొంగతనమే. చెంబు ఎత్తుకుపోయినా, లారీ తోలుకుపోయినా ఒకటే సెక్షను. ఇది అశాస్త్రీయమని ప్రభుత్వం వారు గ్రహించారు. నిపుణుల సంఘం ఒకటి మూడేళ్ళు కూర్చుని ఆలోచించి, పదివేల రూపాయల దగ్గర ఒక గీత గీసింది. పదివేలూ ఆపైన విలువ చేసే వస్తువును తీస్తే అది ఘన చోరీ. అయిదేళ్ళు జైలు, బెయిలు లేదు, స్టేషను నుంచి జిల్లాకి రోజూ నివేదిక వెళ్ళాలి. పదివేలకు ఒక్క రూపాయి తగ్గినా అది లఘు చోరీ. జైలు లేదు. దొంగ ఆ వస్తువు విలువ సొంతదారుకి కట్టి, ముప్పై రోజులు బస్టాండు ఊడవాలి. అన్నిటికంటే ముఖ్యం, నేరాల లెక్కలోకి ఘన చోరీలే వస్తాయి. లఘు చోరీలకి నీలం అట్ట వేసిన సర్దుబాటు రిజిస్టరు వేరే ఉంది.

ఏ వస్తువు గీతకి ఎటువైపు పడుతుందో తేల్చడానికి చోరీ విలువ నిర్ణయాధికారి అనే కొత్త ఉద్యోగం పుట్టింది. మా స్టేషనుకి కూర్మనాథం గారు వచ్చారు. శ్రీకాకుళం వైపు మనిషి. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు సర్కారు ఆఫీసుల్లో విరిగిన కుర్చీలకి ధరకట్టి వేలం వేయించారు. చెడ్డవారు కారు. కాకపోతే ఆయన కంటికి లోకంలో ప్రతి వస్తువూ విరిగిన కుర్చీలాగే కనబడేది.

ఆయన చేతికి మొదట వచ్చింది హైస్కూలు డ్రిల్లు మాస్టారి మోటారు సైకిలు. కొని ఏడాది కాలేదు. కూర్మనాథం గారు కళ్ళజోడు సవరించుకుని తీర్పు చదివారు.

"సీటు చినిగియున్నది. కుడివైపు అద్దము లేదు. పైపెచ్చు సదరు వాహనము ప్రస్తుతము కనబడుటలేదు గనుక, అది నడుచు స్థితిలో ఉన్నట్లు ఆధారము లేదు. విలువ తొమ్మిదివేల తొమ్మిదివందల ఎనభై."

మాస్టారు నోరు తెరిచారు. ఎస్సై విజయసారథి గారు ఆయన భుజం తట్టి పంపేశారు. విజయసారథి గారు చురుకైన మనిషి. ఘన చోరీ రాస్తే రోజూ నివేదిక, రాయకపోతే నెలకో మెచ్చుకోలు కాగితం అని అందరికంటే ముందు ఆయనకే అర్థమైంది.

ఆ మరుసటి వారం సుబ్బారాయుడు అనే రైతు పొలంలో బోరు మోటారు పోయింది. పోయిందంటే ఒక్కసారిగా పోలేదు. సోమవారం స్టార్టరు పోయింది, మంగళవారం పంపు పోయింది, బుధవారం మోటారు పోయింది.

"ఒకటే మోటారయ్యా, ముప్పైవేలు పోసి కొన్నా!" అని మొత్తుకున్నాడు సుబ్బారాయుడు.

"మూడు దినములు, మూడు వస్తువులు, మూడు లఘు చోరీలు" అన్నారు కూర్మనాథం గారు.

మేమింకా నిబంధనలు సరిగా చదవనేలేదు. ఆ దొంగ మాత్రం ఇంటిదగ్గర కూర్చుని ఒకటికి రెండుసార్లు చదివాడని నాకు అనిపించింది.

ఆ విధంగా మూడు నెలల్లో మా స్టేషనులో ఘన చోరీల సంఖ్య సున్నాకి వచ్చింది. ఇంకో నెల అలాగే నడిస్తే "చోరీ రహిత ఠాణా" అన్న బిరుదు ఇస్తామని జిల్లా నుంచి కబురొచ్చింది. బస్టాండు మాత్రం ఆ రోజుల్లో ఉన్నంత శుభ్రంగా నేనెప్పుడూ చూడలేదు. ఏ పూట చూసినా పదిమంది దొంగలు చీపుళ్ళు పట్టుకుని ఊడుస్తూ ఉండేవాళ్ళు. ప్రయాణికుల సామాన్లతో సహా శుభ్రమైపోయేది.

అక్కడే షేక్ సిలార్ సాహెబ్ గారి సన్నాయి పోయింది.

సిలార్ సాహెబ్ గారు మా ప్రాంతంలో పేరున్న నాదస్వర విద్వాంసుడు. ఆ సన్నాయి ఆయన తాత దగ్గరుండి చేయించుకున్నది. తాత ఊదాడు, తండ్రి ఊదాడు, ఈయన నలభై ఏళ్ళుగా ఊదుతున్నారు. మూడు తరాల ఊపిరి పోసి నల్లగా, నున్నగా అయిన కర్ర అది. వైశాఖమాసం, పెళ్ళిళ్ళు తలమీద ఉన్నాయి. ఏడాది తిండి ఆ రెండు నెలల్లోనే వస్తుంది. ఒకరోజు పొద్దున ఆయన బస్టాండులో సంచి బల్లమీద పెట్టి, బస్సు బోర్డు చదువుదామని నాలుగడుగులు ముందుకి వేశారు. వెనక్కి తిరిగేసరికి బల్ల తళతళలాడుతోంది. సంచి లేదు.

ఆయన నేరుగా నా దగ్గరికే వచ్చారు. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను.

"పోయిందేందో రాయండి అచ్యుతంగారూ. నా గొంతు పోయిందని రాయండి" అన్నారు.

అలా రాస్తే రిజిస్టరులో శీర్షిక దొరకదని, "సన్నాయి, ఒకటి" అని రాశాను.

దొంగ మర్నాడే దొరికాడు. పిచ్చేశ్వర్రావు అని, చెప్పులూ సెల్‌ఫోన్లూ తప్ప పెద్ద వస్తువుల జోలికి పోనివాడు. అప్పటికి మూడో విడత బస్టాండు ఊడుస్తున్నాడు. సంచి ఎత్తుకుపోయి మార్కెట్టు వెనక కూర్చున్నాడట. లోపల ఏముందో చూశాక, ఊరుకోలేక నోట్లో పెట్టుకుని ఒక్కసారి ఊదాడట. ఆ మోతకి మార్కెట్టంతా బెదిరిపోయి, కూరగాయలు కొంటున్న హెడ్ కానిస్టేబులు యలమందయ్య పరుగెత్తుకెళ్ళి పట్టుకున్నాడు.

సిలార్ సాహెబ్ గారు ఆ మాట వినగానే ఎదురింటి పెళ్ళికి పిలిచినంత సంతోషంగా స్టేషనుకి వచ్చారు. నేనూ వెంట వెళ్ళాను. సన్నాయి బల్లమీద ఉంది. ఆయన చెయ్యి చాచారు.

"ముట్టుకోమాకండి సాయిబుగారూ" అన్నాడు యలమందయ్య ఇబ్బందిగా. "ఇయ్యటానికి ఇంకా రూలు రాలా."

ఎస్సై గారు వివరించారు. "విలువ తేలాలి. విలువ తేలితేగానీ ఘనమో లఘువో తెలీదు. అది తెలిస్తేగానీ ఏ రిజిస్టరో తెలీదు. రిజిస్టరు లేందే నంబరు లేదు. నంబరు లేకుండా వస్తువు బయటికిస్తే రేపు నేను దొంగనవుతాను."

కూర్మనాథం గారు టేపు తీసి సన్నాయి పొడవు కొలిచారు. తరవాత తరుగు పట్టిక తెరిచారు. అందులో బీరువాలున్నాయి, బిందెలున్నాయి, మేకలూ బాతులూ ఉన్నాయి. సన్నాయి లేదు. అరగంట వెతికి ఆయన ఒక శీర్షిక కింద వేలు పెట్టారు.

"గొట్టములు. కర్ర, ఇనుము, ప్లాస్టిక్కు. ఇది కర్ర గొట్టము. పొడవును బట్టి మూల విలువ ఏడువేలు. ఇక లోపముల సంగతి చూడవలెను. ఈ గొట్టమునకు రంధ్రములున్నవి."

"ఉంటయ్యి బాబూ" అన్నారు సిలార్ సాహెబ్ గారు.

"ఎన్ని?"

"పైన వేళ్ళు ఆడేయి ఏడు. కింద శ్రుతికి అయిదు."

"వెరసి పన్నెండు. గొట్టమునకు రంధ్రము పడినచో ఒక్కొక్క రంధ్రమునకు పదిశాతము తరుగు. అనగా నూటయిరవై శాతము." ఆయన కలం ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ నిబ్బరంగా కదిలింది. "విలువ, మైనస్ పద్నాలుగు వందలు."

 సిలార్ సాహెబ్ గారే ముందు తేరుకున్నారు.

"బొక్కలు లేకపోతే అది రోకలవుద్ది గదయ్యా!"

"రోకలి అయినచో రెండువందల యాభై" అన్నారు కూర్మనాథం గారు, పట్టిక చూసి.

వారం తిరక్కముందే సిలార్ సాహెబ్ గారికి నోటీసు వచ్చింది. నేనే చదివి వినిపించాను. లఘు చోరీలో వస్తువు విలువను దొంగ సొంతదారుకి కట్టాలి. ఇక్కడ విలువ సున్నాకి దిగువన ఉంది గనుక, పిచ్చేశ్వర్రావు సదరు వస్తువును తీసుకుపోవడం ద్వారా సొంతదారుకి పద్నాలుగు వందల భారం తగ్గించాడు. ఆ మొత్తాన్ని సొంతదారు పిచ్చేశ్వర్రావుకి కట్టాలి. కట్టేదాకా సొత్తు స్టేషనులోనే ఉంటుంది.

పిచ్చేశ్వర్రావు మాత్రం మర్యాదస్థుడు. చీపురు పంచలో ఆనించి, సాయిబు గారికి నమస్కారం పెట్టాడు. "తొందరేం లేదండీ. పెళ్ళిళ్ళు అయినాకే ఇయ్యండి."

ఆ పెళ్ళిళ్ళలోనే ఆయన పని సాగడం లేదు. సాయిబు గారు ఎవరి దగ్గరో సన్నాయి అరువు తెచ్చుకున్నారు. అది ఆయన ఊపిరికి అలవాటు పడలేదు, పై స్థాయికి పోయేసరికి కీచుమనేది. ఒక పెళ్ళిలో మగపెళ్ళివారి పెద్ద లేచి, దాన్ని ఆపి మైకులో పాటలు పెట్టమన్నాడు. నలభై ఏళ్ళలో అలాంటి మాట పడలేదాయన. రెండు బేరాలు తప్పిపోయాయి. ఇంట్లో హుసేన్‌బీ గారు, మొగుడు పగటిపూట గోడవైపు తిరిగి పడుకుంటున్నాడని మా ఆవిడతో చెప్పి కళ్ళొత్తుకున్నారు.

నేను పై ఆఫీసుకి అప్పీలు రాశాను. ఇరవై ఆరేళ్ళలో నేను రాసిన కాగితాల్లో అంత మంచిది ఇంకోటి లేదు. సన్నాయికి రంధ్రాలు లోపం కావనీ, అవే సన్నాయనీ రాశాను. పన్నెండు రోజుల్లో జవాబొచ్చింది. నా అప్పీలు వాళ్ళ మనసు కరిగించింది. అదే కొంప ముంచింది.

"అర్జీదారునికి రంధ్రముల వలన కలిగిన నష్టమును ఈ కార్యాలయము సానుభూతితో పరిశీలించినది. సదరు పన్నెండు రంధ్రములను వడ్రంగిచే ప్రభుత్వ వ్యయముతో పూడ్పించి, లక్కపూత వేయించి, పునర్మూల్యాంకనము జరిపి, అర్జీదారునికి పూర్తి న్యాయము చేయవలసినదిగా ఆదేశించడమైనది. సదరు పని వచ్చే గురువారము జరుగవలెను."

నేను చదవడం ఆపేసరికి సిలార్ సాహెబ్ గారి పెదాలు తెల్లబడ్డాయి.

"పూడుస్తారా?"

"అని రాశారు."

"అది మా తాతయ్యా" అన్నారాయన, అంతే.

ఆ రాత్రంతా... అని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి నేను మధ్యాహ్నమే నిబంధనల పుస్తకం ముందేసుకున్నాను. సాయంత్రం కాఫీ వేళకి ఇరవై మూడో నిబంధన దొరికింది. సొత్తును ఏ విధంగానైనా మార్చేముందు, అది తనదేనని సొంతదారు గుర్తుపట్టాలి. తాను రోజూ దాన్ని ఎలా వాడతాడో అలా వాడి చూపించి మరీ గుర్తుపట్టాలి.

గురువారం పొద్దున పదింటికి వడ్రంగి లప్పం డబ్బాతో వచ్చి కూర్చున్నాడు. ఎస్సై గారు జిల్లాలో "సున్నా చోరీల వైపు" అనే సమావేశానికి వెళ్ళారు. నేను పుస్తకం తెరిచి కూర్మనాథం గారి ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు. నిబంధన కనబడితే ఆయన ముఖం పసివాడి ముఖంలా వెలిగేది.

"నిస్సందేహముగా. గుర్తింపు లేనిదే పూడ్పు చెల్లదు. హెడ్డు గారూ, సొత్తును ఇప్పించండి."

యలమందయ్య సన్నాయిని రెండు చేతులా పట్టుకొచ్చి ఇచ్చాడు. సిలార్ సాహెబ్ గారు చెప్పులు విప్పారు. జేబులోంచి సన్నాయి పీక తీసి, నాలుక మీద తడిపి, బిగించారు.  మొదటి ఊపిరికి గాలి తప్ప ఏమీ రాలేదు. ఇరవై రోజులు స్టేషను గదిలో ఎండిన కర్ర అది. కళ్ళు మూసుకుని రెండోసారి ఊదారు.

కల్యాణి ఎత్తుకున్నారు. నాకు సంగీతం తెలీదు. కానీ లాకప్పులో కూర్చున్నవాడు లేచి నిలబడటం చూశాను. నా వెనక టైపు కొట్టుకుంటున్న కానిస్టేబులు చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. వడ్రంగి డబ్బా మూత మెల్లిగా మూసేశాడు. రోడ్డు మీద ఆటోలు ఆగాయి. మూడువారాలుగా ఆ మనిషి గుండెలో గడ్డకట్టుకున్నదంతా పన్నెండు రంధ్రాల్లోంచి బయటికొస్తోంది.

అలా ఊదుతూనే ఆయన ఒక అడుగు వేశారు. ఇంకో అడుగు వేశారు. గుమ్మం దాటారు, మెట్లు దిగారు. ఎవరూ ఆపలేదు. ఆపాలని ఎవరికీ తోచలేదు. పైగా పెళ్ళి ఊరేగింపులకి బందోబస్తు వెళ్ళే అలవాటు కొద్దీ ఇద్దరు కానిస్టేబుళ్ళు పరుగున ముందుకెళ్ళి, దారికి అడ్డంగా ఉన్న తోపుడుబళ్ళు పక్కకి తీయించారు. సిలార్ సాహెబ్ గారు బజారు మధ్యగా నడిచి, మసీదు వీధి మలుపు తిరిగి, ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

"గుర్తుపట్టినట్లే" అని కూర్మనాథం గారు రాసుకున్నారు.

తరవాత నేను అడిగాను, ముందే అనుకుని చేశారా అని. ఆయన అమాయకంగా చూశారు. "కాళ్ళకి అలవాటయ్యా. ఊదుతా ఒకచోట నిలబడటం నాకు చేతకాదు."

మధ్యాహ్నం ఎస్సై గారు తిరిగొచ్చాక స్టేషను కప్పు లేచిపోయింది. కేకలు మా పంచదాకా వినిపిస్తే, నేను స్టేషను గుమ్మం దాకా వెళ్ళాను.

"పోలీస్ స్టేషన్లోంచి సొత్తు ఎత్తుకుపోతాడా! ఘన చోరీ కట్టండి. అయిదేళ్ళు లోపలుంటాడు!"

"కట్టవచ్చును" అన్నారు కూర్మనాథం గారు నెమ్మదిగా. "అందులకు విలువ పదివేలు ఉండవలెను. ఈ సొత్తు విలువ మైనస్ పద్నాలుగు వందలని నేను ధ్రువీకరించగా, తమరు కూడ సంతకము చేసియున్నారు."

"అయితే విలువ మార్చండి."

"మార్చెదను. అప్పుడు పిచ్చేశ్వర్రావు చేసినది కూడ ఘన చోరీయే అగును. బస్టాండులో ఒకటి, ఠాణాలో ఒకటి. ఈ మాసమునకు రెండు. బిరుదు ప్రదానము ఆదివారము గదా?"

ఎస్సై గారు కుర్చీలో కూలబడ్డారు. "మరిప్పుడేం చేద్దాం?" అన్న గొంతు వినిపించింది. అది పోలీసు గొంతు కాదు, నా దగ్గరికి అర్జీలు రాయించుకోడానికి వచ్చేవాళ్ళ గొంతు.

కూర్మనాథం గారు అప్పటికే కాగితం మీద దారి కనిపెట్టారు. సొత్తును తీసుకుపోయినవాడు సొంతదారు భారం తగ్గించినట్టు లెక్క. స్టేషనులో ఉన్నన్నాళ్ళూ ఆ భారం ప్రభుత్వానిది. దాన్ని సిలార్ సాహెబ్ గారు తీసుకుపోయారు గనుక ప్రభుత్వం ఆయనకి పద్నాలుగు వందలు బాకీ. ఆయన పిచ్చేశ్వర్రావుకి పద్నాలుగు వందలు బాకీ. కాబట్టి ఆ డబ్బు ప్రభుత్వమే నేరుగా పిచ్చేశ్వర్రావుకి ఇచ్చేస్తే, ఏ రిజిస్టరూ చెడదు.

ఆ కాగితం మీద సంతకానికి యలమందయ్యా నేనూ సిలార్ సాహెబ్ గారింటికి వెళ్ళాం. ఆయన తలుపు జానెడే తెరిచారు.

"ఏముంది దాంట్లో?"

"మీరు ఎవరికీ బాకీ లేరు. మీకు ఎవరూ బాకీ లేరు. సన్నాయి మీదే" అన్నాను.

"ఆ చివరి మాట ఎక్కడుందో చూపించండి."

వేలు పెట్టి చదివాను. "సదరు భారమును సొంతదారుని వద్దనే ఉంచుకొనుటకు అనుమతించడమైనది."

ఆయన మూడుసార్లు ఆ వాక్యం చదివించుకుని, సంతకం చేసి, మళ్ళీ తలుపేసుకున్నారు.

ఆదివారం స్టేషను ముందు షామియానా వేశారు. పైనుంచి పెద్ద అధికారి వచ్చారు. ఎస్సై గారికి బిరుదు, కూర్మనాథం గారికి శాలువా, బాధితుల పునరావాసం కింద పిచ్చేశ్వర్రావుకి చెక్కు. పిచ్చేశ్వర్రావు తెల్లచొక్కా వేసుకుని వచ్చి, చెక్కు ఛాతీకి అడ్డంగా పట్టుకుని ఫొటో దిగాడు. "పదివేల పరిమితితోనే ఇంత మార్పు తేగలిగాం. వచ్చే నెల నుంచి దాన్ని లక్షకి పెంచుతున్నాం. ఏడాదిలో ఈ రాష్ట్రంలో ఘన చోరీ అన్నది మ్యూజియంలో తప్ప ఉండదు" అన్నారు అధికారి. మేం చప్పట్లు కొట్టాం.

సరిగ్గా అప్పుడే పక్కవీధి కల్యాణమండపంలోంచి సన్నాయి వినిపించింది. యలమందయ్య కూతురి పెళ్ళి అది. సన్నాయి పోకముందే, సాయిబు గారి వాద్యం కుదిరాకే అతను శుభలేఖలు అచ్చువేయించాడు. షామియానా కింద ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. అధికారి ప్రసంగం ముగించేసరికి ముందు వరుసలో ఎస్సై గారూ కూర్మనాథం గారే మిగిలారు. వాళ్ళూ మెడలు అటే తిప్పి ఉన్నారు.

ముహూర్తం అయ్యాక బంతిలో కూర్చున్నాం. సిలార్ సాహెబ్ గారు సన్నాయి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచెయ్యి దానిమీద ఉంచి, కుడిచేత్తో పప్పన్నం కలుపుకుంటున్నారు. ఎవరు పిలిచారో తెలీదు, మా ఇద్దరి మధ్య ఉన్న ఖాళీలో పిచ్చేశ్వర్రావు వచ్చి కూర్చున్నాడు.

"అంత భయమెందుకండీ సాయిబుగారూ? దానికి విలువ లేదని సర్కారే రాసిచ్చింది గదా" అన్నాడు చనువుగా.

సాయిబు గారు ముద్ద మింగి, మంచినీళ్ళు తాగారు.

"విలువ సంగతి మీ స్టేషన్లో మాట్టాడుకో నాయనా. నువ్వు మాత్రం లేచి ఆ అవతల బంతిలో కూర్చో."

పిచ్చేశ్వర్రావు ఏమీ నొచ్చుకోలేదు. నవ్వుతూ లేచి వెళ్ళిపోయాడు.

పెరుగు వడ్డించేటప్పుడు చూసుకుంటే నా పక్కన పెట్టుకున్న గొడుగు లేదు. పాతదే. గుడ్డకి నాలుగు చోట్ల చిల్లులున్నాయి, పిడి దగ్గర ఇంకోటి. అర్జీ రాసుకుంటే చిల్లుకింతని నేను ఎంత కట్టుకోవలసి వస్తుందో మనసులో ఒకసారి లెక్క వేసుకుని, చెయ్యి కడుక్కుని, తలమీద తువ్వాలు వేసుకుని ఎండలోనే ఇంటికి నడిచాను.